కారవాన్‌లోంచి పలికిన గొంతు

"ఆఁ మేడమ్, వత్తన్నానండీ!"

కారవాన్ లోపల్నుంచి ఆ గొంతు వినబడేసరికి నా చేతిలో గ్యాస్ బండ జారి డ్రైవర్ యాదన్న కాలి మీద పడబోయింది. ఎందుకంటే మేడమ్ పిలిచింది నన్ను. పనిమనిషిని నేనొక్కదాన్నే. నేనేమో బయట, కారు డిక్కీ దగ్గరున్నాను.

దెయ్యాలంటే పకపకా నవ్వే రకం నేను. మా రాజోలు వైపు శ్మశానం పక్కదారిలో పాటలు పాడుకుంటూ స్కూలుకెళ్ళినదాన్ని. ఇప్పుడు మా ఊళ్ళో ఈ సంగతి చెబితే నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ.

మస్కట్‌లో అల్ ఖౌద్ దగ్గర ఒక ఒమానీల ఇంట్లో పనిచేసేదాన్ని. ఎండలు తగ్గగానే వాళ్ళు కారు వెనక కారవాన్ తగిలించుకుని బయల్దేరతారు. మంచాలు, పొయ్యి అన్నీ ఉండే చక్రాల ఇల్లు అది. అష్ఖరా సముద్రం ఒడ్డున ఆగి, తర్వాత దక్షిణాన సలాలాకి వెళ్తారు. తిరిగి రాగానే నన్ను ఊరికి పంపిస్తానని మేడమ్ మాటిచ్చింది. మా అమ్మ దగ్గర వదిలొచ్చిన నా కూతురు అప్పటికే ఫోన్‌లో నన్ను ఆంటీ అంటోంది.

అందుకే ఏమన్నా పడి ఉండేదాన్ని. నా పేరు దుర్గ. వచ్చిన రోజే మేడమ్ "నువ్వు మరియం" అంది. నాకు ముందు పనిచేసిన అమ్మాయిని అలా పిలిచేవాళ్ళట. పిల్లలకి అలవాటైపోయిందట.

ఆ రోజు సాయంత్రం ఎండ ఇంకా ఉంది. అప్పుడే అష్ఖరా వచ్చి ఆగాం. బండి నడిచేటప్పుడు గ్యాస్ బండని కారవాన్‌లో ఉంచడు యాదన్న. కరీంనగర్ మనిషి, అన్నిటికీ జాగ్రత్త. ఇద్దరం దాన్ని డిక్కీలోంచి దించుతున్నాం. కారవాన్‌కి అవతల చాప మీద కూర్చున్న మేడమ్ "మరియం! చాయ్!" అని కేకేసింది. కారవాన్‌లోంచి ఆ గొంతు పలికింది.

యాదన్న నా మొహం చూశాడు. "నోరు తెర్వకుండనే ఎట్ల మాట్లాడినవ్ పిల్లా?"

"నేను కాదండీ అన్నయ్యా!"

"పరాచికాలా?"

"మా పాప మీదొట్టండీ."

అవతలికి వెళ్ళి చూస్తే మేడమ్ చేతిలో కప్పు. పొగలు కక్కుతోంది. "జేన్, బాగుంది మరియం! ఇవాళ కుదిరింది. పాత రుచి వచ్చింది" అంది. పనిలో చేరాక ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఎవరిచ్చారని పిల్లల్ని అడిగితే, నువ్వే కదా అని నవ్వారు.

లోపలికెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. పాల ప్యాకెట్ కత్తిరించలేదు. ఫ్లాస్కు నేను కడిగి బోర్లించినట్టే ఉంది. చుట్టుపక్కల వేరే బండి గానీ, మనిషి గానీ లేరు.

బయటికొచ్చి చెప్పగానే యాదన్న గ్యాస్ బండని పక్కన పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ముందుగాల ఉన్న మరియం మీ గోదావరి దిక్కుదే. సలాల పోయొచ్చినంక ఇంటికి తోలుతమన్నరని మస్తు కుషీగుండె. గీడికొచ్చినంక జెరమొచ్చింది. దవాఖానకు తీస్కపోదామంటే, నాటకాలాడుతున్నది, సలాల పోయినంక చూద్దామన్నరు. తొవ్వలనే పానం పోయింది."

"ఎక్కడండీ?"

"గీ కారవాన్లనే."

"ఆవిడ అసలు పేరేంటండీ?"

"ఏమో చెల్లె. మేమందరం మరియమనే పిలిస్తిమి గదా."

నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా ఆ గొంతు ఎవరిదో, ఆ టీ ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు. ఒక్కదాన్నే వింటే చెవుల తప్పనుకుందును. యాదన్నా విన్నాడు. నిజంగా ఆవిడే అయితే మాత్రం, చచ్చిపోయాక కూడా పిలవగానే టీ పట్టుకొచ్చిందంటే నాకు భయం కంటే ఎక్కువగా ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున సలాలా ప్రయాణం. కారవాన్ తగిలించారు, అందరూ కారెక్కారు. "మరియం, ఎక్కు!" అని మేడమ్ పిలిచింది. నేను పలకలేదు. కారవాన్‌లోంచి కూడా ఎవరూ పలకలేదు.

నా బ్యాగు తీసుకెళ్ళి కారుకి అడ్డంగా ఇసుకలో పెట్టి, దాని మీద కూర్చున్నాను. "నా పేరు దుర్గండీ. ముందు నన్ను మా ఊరికి పంపండి" అన్నాను.