కిందికి పోయే గీత

ఆదివారం పొద్దున తొమ్మిదింటి బస్సులో బెళుగుప్పలో దిగే ఆడమనిషి చేతిలో శెనక్కాయల సంచి కనిపించిందంటే, ఆమె అరుణజ్యోతి టీచరే. అందులో అనుమానం అక్కర్లేదు. యాభై నాలుగేళ్ళ మనిషి. వారమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పి గొంతు బొంగురుపోయాక ఆదివారమన్నా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు కదా. కూర్చోదు. చిన్నప్పుడు చదువు మానేసి, ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడుతున్న పెద్దవాళ్ళకు లెక్కలు చెప్పడానికి వస్తుంది. భర్త కేశవులు ప్రతి శనివారం సాయంత్రం 'నీకేమన్నా పిచ్చా' అని అడుగుతాడు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే తనే బండి మీద బస్టాండు దాకా దింపుతాడు.

ఆ శెనక్కాయలు తినడానికి కాదు. తినడానికి కూడా అనుకోండి, కానీ అది చివర్లో. వాళ్ళు కూర్చునే గదికి తాడిపత్రి బండలు పరిచారు. రెండడుగుల చదరం బండలు, అడ్డానికి పది, నిలువుకు పది. మీకూ నాకూ అది నేల. అరుణజ్యోతికి గ్రాఫు కాగితం. బెంచీలన్నీ గోడకు జరిపించి, గది నట్టనడుమ సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత లాగుతుంది. రెండూ కలిసిన చోటు సున్నా. నల్లబల్ల వైపు పైకి, తలుపు వైపు కిందికి. బండల మూలలు కలిసిన చోటల్లా ఒక బిందువు. నల్లబల్ల మీద ఒక సమీకరణం రాసి, ఒక్కొక్కరినీ వాళ్ళ బిందువు దగ్గరికి నడవమంటుంది. నిలబడిన చోట ఒక శెనక్కాయ పెట్టాలి. మూడు కాయలు పెట్టాక పురికొస లాగితే మూడూ దాని కిందికి రావాలి. వస్తే సరళరేఖ. రాకపోతే ఎవరో దారి తప్పినట్టు.

"ఒక బండ కుడికి జరిగితే ఎన్ని బండలు పైకి ఎక్కినావో, అదే వాలు. అంతే. దీనికి జ్వరం తెచ్చుకోవాల్సిన పనేముండాది?" అంటుంది.

హాస్టల్లో వంట చేసే రెబెకా ఒకసారి మూడో బిందువును ఒలుచుకుని తినేసింది. టీచర్ వెనక్కి తిరిగి చూసేసరికి పొట్టు మాత్రమే ఉంది.

"బిందువు తినేస్తే గీత యాడికి పోతుంది తల్లీ?" అంది అరుణజ్యోతి.

"గీత గీసేదానికి రెండు బిందువులు చాలని మీరే చెప్పినారు కదా మేడమ్. మూడోది మిగిలిందే కదా," అంది రెబెకా. లెక్క ప్రకారం ఆమె చెప్పింది నిజమే. టీచర్ ఇంకో కాయ తీసి పెట్టింది.

అందరి సంగతీ ఒక ఎత్తు, మల్లీశ్వరి సంగతి ఒక ఎత్తు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, పక్క పల్లెలో అంగన్‌వాడీ ఆయా. పన్నెండేళ్ళుగా బిడ్డల ముక్కులు తుడిచి, అన్నం తినిపించి, గది ఊడ్చి వస్తోంది. ఆ సెంటర్ టీచరమ్మ వేసవి దాటాక రిటైరై దిగిపోతోంది. పది పాసైన కాగితం చూపిస్తే ఆ పోస్టు నీకే అడుగుతానని సూపర్‌వైజర్ మాటిచ్చింది. కాగితం లేకపోతే ఎవరో కొత్తమ్మాయి వస్తుంది, మల్లీశ్వరి ఆ చీపురు అట్లాగే పట్టుకుని ఉంటుంది. తెలుగు, సోషలు, అన్నీ గట్టెక్కాయి. లెక్కలు ఒక్కటే రెండుసార్లు పోయింది. రెండోసారి ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. ఇంకో నాలుగు మార్కులు వచ్చుంటే పాసయ్యేది. ఒక్క గ్రాఫు లెక్క నిలబెడితే వచ్చేవే కదా అవి. ఆ గ్రాఫే ఆమెకు రాదు.

రాదంటే పూర్తిగా రాదని కాదు, అదే విచిత్రం. x ఒకటైతే y ఎంత, రెండైతే ఎంత అని పట్టిక వేయమనండి, టకటకా వేసేస్తుంది. ఒక్క అంకె తప్పు పోదు. తీరా కాగితం మీద చుక్కలు పెట్టేసరికి గీత బోర్లా పడుతుంది. పైకి పోవాల్సింది కిందికి పోతుంది. మూడు నెలలుగా అరుణజ్యోతి ఎర్రసిరా పెన్నుతో కొట్టేస్తూనే ఉంది, మల్లీశ్వరి తలొంచుకుని మళ్ళీ అదే గీస్తూనే ఉంది.

పరీక్షకు ఇంకా మూడు వారాలుందనగా, ఆ ఆదివారం బల్ల మీద y = 2x + 1 అని రాసింది టీచర్. మల్లీశ్వరి లేచి సున్నా దగ్గరికి వెళ్ళింది. ఒక బండ నల్లబల్ల వైపు నడిచి, ఒకటి దగ్గర కాయ పెట్టింది. బాగుంది. అక్కడి నుంచి ఒక బండ కుడికి జరిగింది. బాగుంది. ఆ తరువాత తిరిగి, తలుపు వైపు రెండు బండలు దిగి, అక్కడ కాయ పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

అరుణజ్యోతికి ఒళ్ళు మండింది. "మూడు నెలల్నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటాండా కదమ్మా. పైకి, పైకి అని. నీకు పైన ఏదో, కింద ఏదో తెలీదా?" అంది. ఆ మాట అని, మల్లీశ్వరి మొహం చూసి, ఎందుకో ఆగింది. తరువాత ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ పిల్లనూ అడగని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఎందుకట్ల కిందికి పోతావు?"

మల్లీశ్వరి తను పెట్టిన కాయ వైపు చెయ్యి చూపింది. "లెక్క పెరిగేకొద్దీ కిందికే కదా మేడమ్ పోయేది," అంది.

"ఏం లెక్క?"

"రాడ్ల లెక్క. మా నాయన ఎర్రన్న బోరు వేయించినప్పుడల్లా నన్ను రిగ్గు బండి పక్కన కూర్చోబెడతాండె. రాడ్లు లెక్కబెట్టమని. ఒక రాడ్డంటే ఇరవై అడుగులు. నేను పుల్ల తీసుకోని నేల మీద గీసుకుంటాంటి. గంట అయితే ఒక వేలు పక్కకు, రాడ్డు దిగితే ఒక వేలు కిందికి. గంటకు నాలుగు రాడ్లు దిగుతాండె. ఐదు బోర్లు వేయించినాడు మేడమ్. నాలుగింట్లో దుమ్మే వచ్చినాది. నా లెక్క మాత్రం ఒక్క రాడ్డు గూడా తప్పలేదు."

గదిలో అందరూ వింటున్నారు. రెబెకా కూడా కాయలు ఒలవడం ఆపింది.

"మరి ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?" అంది టీచర్.

"చెప్పలేదు మేడమ్, గీసినా. తొమ్మిదో తరగతిలో. మీ పరీక్షలోనే."

అరుణజ్యోతికి ముందు అర్థం కాలేదు. తరువాత ఒక్కసారిగా అర్థమైంది. ఇరవై ఒక్కేళ్ళ కింద సంగతి. ఒక పల్లె బడిలో తొమ్మిదో తరగతికి తనే పరీక్ష పెట్టింది. పుస్తకంలో రైళ్ళూ ఓడలూ మన పిల్లలకు ఏం తెలుస్తాయి, బోరు మీద అడుగుదామని, 'గంటకు ఎనభై అడుగులు తవ్వితే గంటలకూ లోతుకూ గ్రాఫు గీయండి' అని ఇచ్చింది. ఆ ప్రశ్న రాసినందుకు తనను తానే మెచ్చుకుంది కూడా. తీరా ఒక పిల్ల సున్నానే నేల అనుకుని, గీతను అక్కడి నుంచి కిందికి, కాగితం అంచు దాకా లాగింది. ఆ లెక్కకు సున్నా వేసి, కాగితం పైకెత్తి పట్టుకుని, 'ఈ పిల్ల గీత చూడండ్రా, పాతాళానికి పోతాండాది' అంది టీచర్. పిల్లలు విరగబడి నవ్వారు. తనూ నవ్వింది. కొన్నాళ్ళకు ఆ పిల్ల బడికి రావడం మానేసింది. ఎందుకు రాలేదని ఒక్కరినన్నా అడిగిందా ఈ మహాతల్లి? అడగలేదు. హాజరు పుస్తకంలో పేరు కొట్టేసి ఊరుకుంది.

"నువ్వా ఆ పిల్లవి?" అంది.

"మీకు గుర్తుండదులే మేడమ్. అప్పుడు బక్కగా ఉంటాంటి, రెండు జడలు. మీ వల్ల చదువు మానలేదు నేను. ఆ ఏడు వానల్లేవు. నాయన, అమ్మ బెంగళూరు పనికి పోయినారు, తమ్ముణ్ణి చూసుకోవాల్సొచ్చె. నాకు లెక్కలు రావని మాత్రం ఆ పొద్దే తెలిసిపోయినాది." ఇందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. "మీరే చెప్పినారు కదా," అంది.

అరుణజ్యోతి గోడ పక్కన బెంచీ మీద కూర్చుండిపోయింది. సిగ్గేసింది ఆమెకు. ఉత్తమ ఉపాధ్యాయురాలని కప్పిన శాలువా ఒకటి ఇంట్లో బీరువాలో ఉంది, అది గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. ఇంత తెలివైన పిల్లను, తన ప్రశ్నను అందరికంటే బాగా చూసిన పిల్లను, తనే నలుగురిలో నిలబెట్టి నవ్విందని ఏడుపొచ్చింది. ఏడ్చి ప్రయోజనం ఏముంది, పరీక్ష మూడు వారాల్లో ఉంది. లేచి సుద్దముక్క తీసుకుంది.

బల్ల మీద రెండు గీతలు వేసి, సున్నా దగ్గర నేల అని రాసింది. సున్నా నుంచి కిందికి, గంటకు నాలుగు చొప్పున గీత లాగింది.

"అందరూ చూడండి. నేల సున్నా. నేల పైన ప్లస్, నేల కింద మైనస్. రిగ్గు గంటకు నాలుగు రాడ్లు కిందికి పోతాండాది. అంటే ఈ గీత వాలు మైనస్ నాలుగు. ఇది మల్లీశ్వరి గీత, ఇందులో తప్పేం లేదు. నేను లోతును ప్లస్‌లో అడిగినా, కాబట్టి నా గీత పైకి పోయింది. ఆయమ్మ కళ్ళతో చూసిందే గీసింది. ఎందుకట్ల గీసినావని నేను అడగాల్సింది. అడక్కుండా నవ్వినా." టీచర్ మల్లీశ్వరి వైపు తిరిగింది. "తప్పు నాదమ్మా."

మల్లీశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే అప్పటి సున్నా కొట్టేసి మార్కులేస్తారా మేడమ్?" అంది. ఆ గదిలో ఆమె వేళాకోళం ఆడడం అదే మొదలు.

సరే, మనసు తేలికపడింది. కానీ పేపరు దిద్దేవాళ్ళకు ఈ కథంతా ఎవరు చెప్తారు? పైకి పోయే గీత పైకి పోవాల్సిందే. అరుణజ్యోతి ఆలోచించి అడిగింది. "నీ పనిలో పైకి పోయే గీత ఏదన్నా ఉండాదా?"

"బిడ్డల తూకం చార్టు ఉండాది మేడమ్. నెలనెలా తూకమేసి చుక్క పెట్టేది నేనే. టీచరమ్మకు కళ్ళు సరిగా కనపడవు."

"ఆ గీత పైకి పోతే?"

"బిడ్డ పెరుగుతాండాడని."

"బాగా నిటారుగా పోతే?"

"బాగా ఒళ్ళు చేస్తాండాడని."

"అడ్డంగా పోతే?"

"తిండి చాలడం లేదని. ఆ ఇంటికి పోయి వాళ్ళమ్మను అడగల్ల."

"కిందికి పడితే?"

"ఆ పొద్దే ఆసుపత్రికి పిలుచుకుపోవల్ల."

అరుణజ్యోతి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమ్మే, నీకు నేను ఇంకేం నేర్పాల? పన్నెండేండ్లుగా వాలు చూసి బిడ్డల్ని సాకుతాండావు, దాని పేరు వాలని తెలీదు, అంతే. ఇంక విను. y ని ఒంటరిగా ఒక పక్క పెట్టు. x ముందర గుర్తు చూడు. ప్లస్ ఉంటే తూకం చార్టు. మైనస్ ఉంటే రిగ్గు బండి. పో, నడువు."

మల్లీశ్వరి సున్నా దగ్గరికి వెళ్ళింది. ఒకటి దగ్గర కాయ అట్లాగే ఉంది, అక్కడికి ఎక్కింది. ఒక బండ కుడికి జరిగి, తలుపు వైపు ఒకసారి చూసి, నల్లబల్ల వైపు తిరిగి రెండు బండలు ఎక్కింది. కాయ పెట్టింది. ఇంకో బండ కుడికి, ఇంకో రెండు పైకి. రెబెకా పురికొస లాగి పట్టుకుంది. మూడు కాయలూ దాని కిందే ఉన్నాయి.

మిగిలిన రెండు ఆదివారాలూ ఆమెను ఆ బండల మీద అరికాళ్ళు నొప్పి పుట్టేదాకా నడిపించింది టీచర్. పరీక్ష రాసొచ్చాక ఎట్లా రాసినావని అడగలేదు, మల్లీశ్వరి చెప్పలేదు. ఇద్దరికీ భయమే. ఫలితాలు వచ్చిన ఆదివారం తొమ్మిదింటి బస్సు దిగేసరికి బస్టాండులోనే నిలబడి ఉంది మల్లీశ్వరి, చేతిలో మడత పెట్టిన కాగితంతో.

"నలభై మూడు మేడమ్," అంది. "సూపర్‌వైజరమ్మకు కాపీ ఇచ్చేసినా. పై వారం నుంచి సెంటర్ నన్నే చూసుకోమనింది."

అరుణజ్యోతి సంచి కింద పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. లెక్కల టీచర్ కదా, లెక్కే అడిగింది. "గ్రాఫు ఏమిచ్చినారు?"

"3x + y = 6. y ని ఒంటరిగా పెట్టి చూస్తే x ముందర మైనస్ మూడు. రిగ్గు బండి." మల్లీశ్వరి గాలిలో వేలితో గీసి చూపించింది. "ఆరు కాడ మొదలుపెట్టినా. ఒకటి పక్కకు, మూడు కిందికి. ఇంకొకటి పక్కకు, ఇంకో మూడు కిందికి. అడ్డగీత కాడికి వచ్చేసరికి చెయ్యి నిలిచిపోయె మేడమ్. దాని కిందికి పోతేనే కదా ఆ పొద్దు అందరూ నవ్వింది."

"మరి నిలిపేసినావా?"

"లేదు మేడమ్. కాగితం అయిపోయేదాకా దించినా."