ఆర్పీఎం ముల్లు

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మిషన్ నడిపాను. బ్లాస్టింగు కోసం రాతిలో బొక్కలు వేసే మిషన్ అది. దాని కంప్రెసర్ హోరుకు నా చెవులు పోయాయి. ఇప్పుడు చెవి దగ్గరకొచ్చి అరిస్తే తప్ప వినపడదు. చెవి మిషన్ పెట్టుకుంటే అంతా ఒకటే గోల. అందుకే చాయ్ హోటల్ దగ్గర కూర్చోవడం మానేశాను. అందరూ నవ్వడం చూసి, ఆ తర్వాత నేను నవ్వడం ఎంత సిగ్గో నాకే తెలుసు.

నాకు మిగిలింది పాత డీజిల్ కారు. దాని చప్పుడు వినపడకపోయినా, ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపించే ఆర్పీఎం మీటరు ఉంది. ముల్లు రెండున్నర దాటితే గేరు పెంచాలి, ఒకటిన్నర కిందికి దిగితే తగ్గించాలి. అలా ముల్లును చూసుకుంటూ ప్రతి ఆదివారం మా ఆవిడతో గోదావరి బ్రిడ్జి దాటి, శ్రీరాంపూర్‌లో వాళ్లక్క ఇంటికి వెళ్లొచ్చేవాణ్ణి. కారులో నేను చెవిటివాణ్ణి కాను.

ఈ ఎండాకాలం ఆ ముల్లు సున్నా మీద పడుకుంది. లేవలేదు.

గోదావరిఖనిలో మీటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయాను. విప్పి చూసి నా చెవిలో అరిచాడు.

"ఎనుక సోల్డరింగు ఊడింది కాకా, గంతే! కొత్తది గావాలంటె మాత్రం యాడ దొరకది, ఈ బండ్లు బందయినయి!"

అతికించి, మళ్లీ బండిలో బిగించి స్టార్ట్ చేశాడు. ముల్లు లేచి ఒకటి దగ్గర నిలబడింది. సిగ్గెందుకు, నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మీటరు మీద బిగించే అద్దం తేవడానికి ఆయన లోపలికి వెళ్లాడు. అద్దం లేని మీటరు మీద సన్నగా దుమ్ము కనిపించింది. మా గనిలో దేనిమీద దుమ్ము పడ్డా, ఫిల్టరైనా, ఒంటిమీది బట్టలైనా, గాలి పైపు పట్టి ఊదేస్తాం. పక్కనే పంక్చర్ షాపు. పైపు అందుకుని ఒక్కసారి కొట్టాను. ముల్లు ఎగిరి నా ఒళ్లో పడింది. లోపలి వెంట్రుకంత స్ప్రింగు చుట్టుకుపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టింది నేనే.

ఆయన వచ్చి చూసి ఏదో అన్నాడు. ఈసారి అరవలేదు. నేనూ అడగలేదు.

"ఫికర్ జెయ్యకు. బండి మొత్తుకుంటె నీ మోకాలి మీద కొడ్త, గేరు మార్చు" అంది మా ఆవిడ ఇంటికొచ్చాక. ఆమె మాట నమ్మి ఆదివారం బయలుదేరాను.

రెండో గేరులో పోతూ ఆమె చెయ్యి కోసం చూస్తున్నాను. చెయ్యి పడలేదు. రోడ్డు పక్కన జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. స్టీరింగు వణుకుతోంది. బండి పక్కకు ఆపి ఆమె మీద ఎగిరాను.

"కొడ్తనని కొట్టవేందే?"

తల దించుకుంది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చింది.

"బండి మోతన్న ఇనబడ్తదనుకున్న. నాకు గుడ సరిగ్గ ఇనబడ్తలేదు. రెండేండ్ల సంది."

నా వల్ల మా ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. అందుకే ఆమె సంగతి ఎవరికీ తెలియలేదు. నా ఒక్కడి చెవుల గురించే ఏడ్చుకుంటూ బతికాను.

బండి తిప్పి రెండో గేరులోనే ఇంటికొచ్చాం. దారంతా ఇంజన్ ఎంత మొత్తుకుందో ఇద్దరికీ తెలియదు.