చచ్చాక పాడే పద్యం

తెనాలి వైపు పద్యనాటకాల్లో నేను చచ్చిపోతే జనం ఊరుకునేవాళ్ళు కాదు. చప్పట్లు మోగాయంటే శవం లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే.

ఎనభైల చివర్లో సిడ్నీ వచ్చాక టీవీ సీరియళ్ళలో చిన్నాచితకా వేషాలు వేశాను. టాక్సీవాడు, కొట్టువాడు, చివరికి శవం. ఆ రోజు మేముండే టూంగాబీ నుంచి రైలెక్కి వెళ్ళి, ఆస్పత్రి సెట్‌లో దుప్పటి కింద మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకున్నాను. ఉన్నట్టుండి చప్పట్లు! పాడు అలవాటు, లేచి కూర్చుని గొంతెత్తి పద్యం అందుకున్నాను.

అందరూ బిత్తరపోయారు. ఆ చప్పట్లు ఆ రోజుతో సీరియల్లో పని ముగిసిన హీరోయిన్‌కు వీడ్కోలుగా కొట్టినవట. దర్శకుడు తిట్టినా బాగుండేది.

"మీరింకా ఇక్కడే ఉన్నారా? మాకు కావలసింది మీ పాదాలే. ఆ షాట్ పొద్దున్నే అయిపోయింది" అన్నాడు.