సున్నుండలూ స్పెయిన్ డాక్టరూ

గుంటూరులో రైలెక్కేటప్పుడు నా సంచిలో రెండు చీరలు, ఒక టార్చిలైటు, డబ్బా నిండా సున్నుండలు ఉన్నాయి. సున్నుండలు మా ఆడపడుచు సుగుణకని చేసినవి. తను అనంతపురం జిల్లాలో ఒక ఆసుపత్రిలో నర్సు. స్పెయిన్ దేశం వాళ్లు డబ్బు, మందులు, ఏటేటా డాక్టర్లనూ పంపుతూ నిలబెట్టిన ఆసుపత్రి అది. "ఇక్కడ వానలు తప్ప అన్నీ ఉన్నాయి, ఒక్కసారి వచ్చి చూడు వదినా" అని ప్రతి ఉత్తరంలోనూ రాసేది. 2005 ఫిబ్రవరిలో బడికి నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

గుంతకల్లులో దిగి, బస్సు పట్టుకుని రాయదుర్గం చేరేసరికి సాయంత్రం నాలుగైంది. కొండ మీద కోట చూసి, బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగానే ఉంది. దోమలకు మాత్రం నేనే భోజనం. వెళ్లేవాళ్లు దోమతెర తీసుకెళ్లండి.

మర్నాడు ఆరున్నర బస్సులో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చిన తండ్రీ కూతుళ్లు అదే బస్సెక్కారు. తండ్రి తిప్పేస్వామి గొర్రెలు మేపుకునే మనిషి, భుజాన గొంగళి ఉంది. కూతుర్ని నా పక్కన కూర్చోబెట్టి, తాను జనం తోపులాటలో ముందుకు వెళ్లిపోయాడు. ఆ పిల్ల పేరు హనుమక్క, తొమ్మిదేళ్లుంటాయి. కుడిచేతిని పావడా మడతల్లో దాచుకుని కూర్చుంది. చిన్నప్పుడు పొయ్యిలో పడి చెయ్యి కాలిందట. నాలుగు వేళ్లూ అరచేతికి అతుక్కుపోయాయి.

"ఎక్కడికి వెళ్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఆస్పత్రికి. ఈ చెయ్యి బాగయితే అందరి మాదిరి కుడిచేత్తో సంగటి తినొచ్చంట. మా నాయన చెప్పినాడు."

ఎనిమిదింటికి నాకు ఆకలేసింది. డబ్బా తీశాను. పక్కవాళ్లకు పెట్టకుండా తినడం మా ఇంటా వంటా లేదు. పిల్లకు ఒక సున్నుండ ఇచ్చాను. వద్దని తల ఊపింది. "మొహమాటపడకు" అన్నాను. తండ్రి కోసం చూసింది గానీ, నిలబడ్డ జనంలో ఆయన కనపడలేదు. నేను ఊరుకుంటేగా! ఎడమచేతిలో పెట్టి, నోట్లో వేసుకునేదాకా వదల్లేదు. ఆ వెంటనే ఇంకోటి కూడా తినిపించాను.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి దగ్గర ముగ్గురం దిగాం. చుట్టూ బీడుపడ్డ ఎర్రనేల. లోపల వరండాలో బల్ల దగ్గర సుగుణే కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి, ముందు హనుమక్క చీటీ తీసుకుంది.

"రాత్రి నుంచి ఏమైనా తిన్నదా?"

"గుక్కెడు నీళ్లు గూడా ఇయ్యలేదమ్మా" అన్నాడు తిప్పేస్వామి.

హనుమక్క నా వైపు ఒక్కసారి చూసి, "ఏం తినలా" అంది.

ఆపరేషన్ ఆ రోజేనని నాకు అప్పుడర్థమైంది. మత్తు ఇచ్చాక కడుపులోది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందని సుగుణ ఎప్పుడో చెప్పింది. ఇలాంటి చేతులు సరిచేసే స్పెయిన్ డాక్టరు ఏడాదికి ఒకసారే, అదీ కొద్దిరోజులకే వస్తాడనీ తన ఉత్తరాల్లోనే చదివాను. నేను నోరు విప్పితే ఆపరేషన్ ఆగిపోతుంది. విప్పకపోతే ఏమవుతుందో తల్చుకోడానికే భయమేసింది. "రెండు సున్నుండలు తింది. నేనే బలవంతంగా పెట్టాను" అని చెప్పేశాను.

తిప్పేస్వామి అరిచినా బాగుండేది. "ఒక మాట అడిగి పెట్టల్ల కదమ్మా. ఏడాది నుంచి కాసుకోని ఉండాము" అన్నాడంతే.

సుగుణ లోపలికి వెళ్లి ఇద్దరు డాక్టర్లను పిలుచుకొచ్చింది. ఒకాయన పదేళ్లుగా వస్తున్న స్పెయిన్ డాక్టరు, జుట్టంతా తెల్లబడింది. రెండో ఆవిడ ఆ జిల్లాలోనే మడకశిర అమ్మాయి, డాక్టర్ రేణుక. తిన్నది అరగడానికి ఆరు గంటలు పడుతుంది, అంటే రెండింటి దాకా ఆగాలి. పెద్దాయన విమానానికి బెంగుళూరు వెళ్లే కారు ఆ రోజే ఒంటిగంటకు ఉంది. ఆయన రేణుక వైపు తిరిగి, "నువ్వు చెయ్యి" అన్నాడు ఇంగ్లీషులో.

"మీరు పక్కన లేకుండా ఎప్పుడూ చెయ్యలేదు" అందావిడ.

"పోయినేడు కత్తి నీ చేతిలోనే ఉంది. నేను ఊరికే నిలబడ్డాను."

ఆయన హనుమక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, మూసుకున్న ఆ చేతిని పట్టుకుని, "నొప్పి ఉండాదా?" అని అడిగాడు. ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటేనట. ఈ ఊళ్ల రోగుల దగ్గర నేర్చుకున్నాడు. పిల్ల లేదని తల ఊపింది.

ఒంటిగంటకు కారు వెళ్లిపోయింది. రెండున్నరకు హనుమక్కను లోపలికి తీసుకెళ్లారు. మెస్సులో భోజనం బాగుంటుందని సుగుణ రెండుసార్లు పిలిచింది. నేను వెళ్లలేదు. తిప్పేస్వామి వరండాలో గొంగళి పరుచుకుని కూర్చున్నాడు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను.

ఐదున్నరకు రేణుక బయటికొచ్చింది. "నాలుగు వేళ్లూ విడిపోయినాయి అన్నా. రక్తం బాగా ఆడుతాండాది. ఇంగ కట్టు విప్పినాక రోజూ వ్యాయామం చేయించల్ల" అంది. తిప్పేస్వామి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను సుగుణ భుజం మీద తల వాల్చి సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఏడింటికి బెంగుళూరు నుంచి ఫోను వచ్చింది. రేణుక సెల్లు తీసుకెళ్లి హనుమక్క చెవి దగ్గర పెట్టింది. "నొప్పి ఉండాదా?" అన్న మాట మాకూ వినిపించింది.

"ఉండాది" అంది పిల్ల నీరసంగా. అటువైపు ఆయన నవ్వాడు. నొప్పి తెలుస్తోందంటే వేళ్లలో ప్రాణం ఉన్నట్టేనట.

లేపాక్షి చూడాలన్న నా ఆలోచన అటకెక్కింది. మర్నాడంతా పిల్ల మంచం పక్కనే గడిచింది. ఆ పై రోజు పొద్దున పది గంటల బస్సుకు తిరుగు ప్రయాణం కట్టాను. స్పెయిన్ వాళ్లు కట్టించిన గదులు, తెప్పించిన యంత్రాలు చూడాలని వెళ్లినదాన్ని. అవీ చూశాను, గొప్పగానే ఉన్నాయి. ఇంటికొచ్చి అందరికీ చెప్పింది మాత్రం ఆయన కారు వెళ్లిపోయాక రేణుక ఆపరేషన్ గదిలోకి నడిచి వెళ్లడం గురించే.

బస్సు కదిలేముందు తిప్పేస్వామి పరుగున వచ్చి, కిటికీలోంచి నా ఒళ్లో ఒక పొట్లం పడేశాడు. వేయించిన చెనిక్కాయలు, అదే మన వేరుశనక్కాయలు, ఇంకా వేడిగా ఉన్నాయి.

"తినమ్మా" అన్నాడు. "నీకేం ఆపరేషన్ లేదు కదా."

గుంతకల్లు వచ్చేదాకా ఒక్కొక్కటే ఒలుచుకుని తిన్నాను.