అక్క అనని మాట

ఏళ్ల తరబడి ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. గుళ్లో దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా దాని జోలికి పోను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను, తెలిసినవాళ్లతో అయితే నా నోరు పెగలదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఆదివారాలు తెల్లవారగానే కొంతమందిమి కలిసి చిలకలూరిపేట వైపు పల్లెదారుల్లో సైకిళ్లు తొక్కేవాళ్లం. దూసుకుపోయే కాలేజీ కుర్రాళ్లు, మోకాళ్ల నొప్పుల బ్యాంకు ఉద్యోగులు, షుగరు తగ్గించుకోవాలని చేరిన సువార్తక్క. అక్క స్కూలు టీచరు. మా అందరిలోకీ నెమ్మది. మాలో ఒక కట్టుబాటు ఉండేది. వారానికొకరు తోక. ఎంత బాగా తొక్కేవాళ్లయినా సరే, తోక అయిన రోజు అందరికంటే వెనకబడ్డ మనిషి వెనకాలే రావాలి. టీ కొట్టు దగ్గర తోక కనిపించిందంటే అందరూ వచ్చేసినట్టే. ఇక ఎవరూ ఎవరినీ వెతికేవాళ్లు కాదు.

ఆ వారం తోకను నేను. ఒళ్లు మండిపోతోంది. కొత్తగా గేర్ల సైకిలు కొనుక్కున్నాను, కుర్రాళ్లతో సమానంగా పోయి చూపించాలని ఆరాటం. నేనేమో అక్క వెనక ఈడ్చుకుంటూ వస్తున్నాను.

మిరపకాయలు ఎండబోసే కాలం. దారి పొడుగునా కళ్లాలు. ఆ ఘాటుకి అందరం దగ్గుతాం, గుండెల్లో మండుతుంది, మాకది మామూలే. అక్క సైకిలు దిగి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మంటగా ఉందే. ఊపిరాడట్లేదు," అంది.

"మిరప ఘాటక్కా! గుంటూరులో పుట్టి దీనికే బెదిరిపోతే ఎట్లా? కళ్లాలు దాటితే అదే తగ్గుద్ది."

"కాస్త ఆగవే. ఒక్కదాన్నే ఉండాలంటే భయమేస్తోంది."

"అబ్బా, చిన్నపిల్లవా ఏంటి? మెల్లగా రా. నేను ముందు కనపడేట్టే ఉంటాలే."

కనపడేట్టు ఉండలేదు. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆ ఖాళీ రోడ్డు మీద నా సైకిలు ఎంత హాయిగా పరిగెత్తిందో ఇప్పటికీ గుర్తుంది. ఛీ, ఏం మనిషిని నేను!

టీ కొట్టు దగ్గర నన్ను చూడగానే టీలు చెప్పేశారు. తోక వచ్చేసింది కదా. నేను నోరు మెదపలేదు. అక్క వస్తుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక నలుగురిలో మాట పడాల్సి వస్తుందని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నానా? రెండోదే. "సువార్తక్క ఏదీ?" అని ఎవరో అడిగేదాకా అలాగే కూర్చున్నాను.

మేం వెనక్కి వెళ్లేసరికి, కాయ కోతకి పోతున్న ఆడవాళ్లు అక్కని ఒక పట్టా మీద పడుకోబెట్టి కొంగులతో విసురుతున్నారు. వాళ్ల ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలోనే ప్రాణం పోయింది. గుండెపోటు. కాస్త ముందు తెచ్చుంటే ఏమన్నా చేసేవాళ్లం అన్నాడు డాక్టరు.

అందరూ నావైపు చూశారు. తోకవి కదా, ఎందుకు వదిలేశావని. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడింది.

"అక్కే పొమ్మంది. నా కోసం నీ సరదా పాడుచేసుకోవద్దు, నువ్వు పో తల్లీ అంది."

అక్క భర్త ఆ మాట పట్టుకున్నాడు. బావగారు నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నా తల నిమిరి, "మా ఆవిడ అంతేనమ్మా, ఎవరికీ బరువు కాకూడదనుకుంటది. నువ్వేం బాధపడమాక," అన్నాడు. అక్క పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో అందరి ముందూ అదే చెప్పాడు. ఏటా అక్క పోయిన రోజున నన్ను భోజనానికి పిలిచి ఆ మాట మళ్లీ చెప్పించుకుంటాడు. చెబుతాను. ఎలా నవ్వుతూ అందో కూడా కల్పించి మరీ చెబుతాను. ఆయన కళ్లు తుడుచుకుని, "భయపడకుండా పోయింది, అది చాలు," అంటాడు.

ఆయనకి నిజం చెప్పాలా? చెబితే నాకు తేలికవుతుంది, ఆయన గుండె పగులుతుంది. లేక ఆయన మీద జాలి అని చెప్పుకుంటూ నా పిరికితనాన్నే దాచుకుంటున్నానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. మీరు నన్ను క్షమించాలని అడగను. ఒక్క మనిషికైనా తెలియాలి, అంతే. సువార్తక్క భయపడింది. నన్ను ఆగమంది. నేను ఆగలేదు.