అద్దం మీద సరళ బొట్లు

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు అలిపిరి దారిలో ఒక అద్దె గదిలో నేనూ, కార్వేటినగరం అమ్మాయి సరళా ఉండేవాళ్లం. పడుకునేముందు గోడ అద్దంలో చూసుకుంటూ, అందులో కనిపించే తన నుదుటి మీదే బొట్టుబిళ్ల అంటించడం సరళకు సరదా. "అద్దమంతా పాడు సేస్తా ఉండారు కదమ్మా!" అని ఇంటి ఓనరమ్మ ఎప్పుడూ అరిచేది.

చివరి సెమిస్టర్‌లో సరళకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి వెళ్లిన పిల్ల మళ్లీ గదికి రాలేదు.

పరీక్షలయ్యాక నేను గది ఖాళీ చేస్తున్న రోజు, సరళ సామాన్ల కోసం వాళ్ల నాయన వచ్చారు. పెట్టె, పరుపు కట్టి ఇస్తున్నాను. అంతలో ఓనరమ్మ బ్లేడు తెచ్చి అద్దం గీకబోయింది.

"వద్దాంటీ! అవి సరళవి!" అని గట్టిగా అరిచి ఆమె చెయ్యి పట్టేసుకున్నాను.

ఆయన అద్దం దగ్గరికొచ్చారు. "పాప బొట్లామ్మా ఇవి?" అన్నారు. అద్దంలో ఒక బొట్టు తన నుదుటి మీదికి వచ్చేదాకా మెల్లగా మోకాళ్లు వంచారు.

"ఇంతే ఎత్తుండె నా బిడ్డ," అన్నారు.

గోడకు మేకు కూడా కొట్టనివ్వని ఓనరమ్మ బ్లేడు పక్కన పెట్టేసింది. "అద్దమే ఊడదీసి ఇస్తా అన్నా, ఎత్తుకపో," అంది కళ్లు తుడుచుకుంటూ.

బస్సులో ఆయన పెట్టెను కాళ్ల దగ్గర పెట్టి, అద్దాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకున్నారు.

ఇప్పుడు వేరే గదిలో ఉంటున్నాను. రాత్రి బొట్టు తీసి అద్దం దాకా తీసుకెళ్తాను గానీ, అంటించడానికి చెయ్యి రాదు.