ఎడమ వైపు వెనక తలుపు

చింతామణిలో మా కార్ల కరెంటు పని చూసే మేస్త్రీ పోయారని కబురు వచ్చినప్పుడు నేను ఆయన మీద కోపంగా ఉన్నాను. ఉన్నమాటే రాస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన కూతురు. "నాయన పొద్దున కాఫీ తాగి, కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడన్నా" అని ఏడ్చింది. నేనేమన్నానో గుర్తు లేదు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని బయలుదేరాను. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి కూడా కుర్చీలోంచి ఐదుసార్లు లేచాను.

కోపానికి కారణం నా పాత కారు. దాని ఎడమ వైపు వెనక అద్దం స్విచ్ నొక్కితే ఒకరోజు దిగేది, నాలుగు రోజులు దిగేది కాదు. ఎవరో చెప్పారని మోటారు మార్పించాను, స్విచ్ మార్పించాను. అయినా దాని ఇష్టం దానిదే. చివరికి మేస్త్రీ దగ్గరికి వెళ్లాను.

పని అయ్యాక అందరూ చేతులు కడుక్కుంటారు. ఆయన పనికి ముందు కడుక్కునేవారు. "గ్రీసు చేత్తో పట్టుకుంటే వైరు తెగిండేది వేలికి తెల్దప్పా" అనేవారు. వైరులో కరెంటు ఉందో లేదో చూసే చిన్న టెస్ట్ లైటంటే ఆయనకు గిట్టేది కాదు. పాత హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు అతికించుకుని దానితోనే చూసేవారు. వైరులో ఒక్క పోగు మిగిలినా చిన్న లైటు వెలుగుతుందట, మోటారు మాత్రం తిరగదట. "పెద్ద బల్బు పెడితే, పనిచేసే వైరేదో నాటకమాడే వైరేదో బయటపడతాది" అని నవ్వేవారు.

ఆ రోజు ఆ బల్బు తగిలించి, వెనక తలుపు మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండమన్నారు. పదిసార్లు చేశాను. ఇంకా అన్నారు. ఇరవై అయింది. ఇంకా అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"తలుపు ఆడించేదానికా నేనొచ్చింది మేస్త్రీ? మీకు చేతకాకుంటే చెప్పండి" అన్నాను, షాపులో అందరి ముందూ.

ఆయన బల్బు విప్పి జేబులో వేసుకున్నారు. "తలుపు సందులో యాడో వైరు తెగిపోయుండాది. అది కనపడాలంటే కాసేపు నిలబడల్ల. నీకు నిలబడేది రాదప్పా, అంతే." ఆ మాట కోపంగా కూడా అనలేదు. అదే నన్ను ఇంకా మండించింది. బండి తీసుకుని వచ్చేశాను. పదిహేను రోజులు ఆ వీధిలోకే పోలేదు.

వాళ్ల సొంత ఊరు మండికల్. ఆయన పోయిన రోజు నేను చేరేసరికి, అక్కడే మన్ను చేయాలని ఆయన్ని వ్యానులో ఎక్కిస్తున్నారు. భార్యకూ కూతురికీ చోటు చాలకపోతే నా కారులో రమ్మన్నాను. ఆ తల్లి వెనక ఎడమ వైపు కూర్చుంది.

"అద్దం దించప్పా, ఊపిరాడలేదు" అంది.

నొక్కాను. దిగలేదు. ఆ పూట ఆమెను లేచి అటువైపు కూర్చోమనడానికి నాకు నోరు రాలేదు. కారు దిగి ఆ తలుపు పట్టుకున్నాను. ముందు సీట్లో ఉన్న కూతురిని స్విచ్ నొక్కి పట్టుకోమన్నాను. తలుపు మెల్లగా తెరిచాను, మూశాను. మళ్లీ తెరిచాను. వ్యాను వెళ్లిపోయింది. నేను తలుపు వదల్లేదు. ఎన్నోసారో, తలుపు సగం తెరుచుకున్నచోట లోపల మోటారు గుర్రుమంది. అక్కడే కదలకుండా పట్టుకున్నాను. అద్దం పూర్తిగా దిగిపోయింది.

ఆయన చెప్పిన చోటే. తప్పు నాదని చెప్పడానికి నాకు పదిహేను రోజులుండినాయి, ఒక్క ఫోన్ చేయలేదు. ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఊరు దాటాక వ్యానును అందుకున్నాం. డ్రైవరు గుంతలు చూడకుండా తోలుతున్నాడు. నేను పక్కకు చేరగానే, అతని సీటుకు సరిగ్గా ఎదురుగా వచ్చిన వెనక కిటికీలోంచి ఆ తల్లి తల బయటపెట్టి అరిచింది.

"నిదానంగా పోనీయప్పా! ఆయనకి నడుం నొప్పుండాది."

వ్యాను నెమ్మదించింది. నేనూ వెనక్కి తగ్గాను. మండికల్ చేరేదాకా ఆమె చేయి కిటికీ బయటే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా అరచేతిని మెల్లగా కిందికి దించుతూ.